కొత్త ఇళ్ల ప్లాన్‌లో పాత గిడ్డంగి అసలు లేనే లేదు. అభ్యంతరం ఎలా రాయాలి?

పాతగోడ
మా వెనక వీధి దాటాక ఉన్న పెద్ద జాగాలో 180 ఇళ్లకు లేఅవుట్ ముసాయిదా పెట్టారు. అభ్యంతరాలు, సలహాలు ఇవ్వడానికి 30 రోజుల గడువు. అందులో 9 రోజులు అయిపోయాయి.

ఆ జాగాలో ఒక పాత ధాన్యం గిడ్డంగి ఉంది. ఇటుక, సున్నంతో కట్టింది. పైకప్పు సగం పోయింది కానీ గోడలు నిటారుగా ఉన్నాయి. పక్కనే మెట్ల బావి, రెండింటి మధ్య రాళ్లు పరిచిన బాట. డ్రాయింగ్ చూస్తే గిడ్డంగి ఉన్నచోట 41 నుంచి 46 వరకు ప్లాట్లు వేశారు. బావి ఉన్నచోట పార్కింగ్. ఇదేంటని అడిగితే "అది రక్షిత కట్టడాల జాబితాలో లేదండీ, కాబట్టి ఖాళీ స్థలం కిందే లెక్క" అన్నారు.

నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఉత్తరం వైపు గోడలో నడుమెత్తున ఒక ఇటుక మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో ఎత్తి పక్కన పెడుతుంటే పడ్డవి. నా వేళ్లు పెట్టి చూశాను, పట్టలేదు. చిన్నపిల్లల చెయ్యి అయ్యుంటుంది. ఆ ఇటుక ప్లాట్ నంబర్ 43లోకి వస్తుంది. రాత్రంతా అదే ఆలోచన.

నేను ఇళ్లకు వ్యతిరేకం కాదు. మా తమ్ముడే ఇంటి కోసం ఏళ్లుగా చూస్తున్నాడు. ఇది కూల్చకుండా అవి కట్టలేరా అన్నదే నా బాధ. ఏం రాస్తే పట్టించుకుంటారో తెలిసినవాళ్లు చెప్పండి.

చెట్టునీడ
ఫొటోలు తీశారా? ముందు ఆ పని చేయండి, తేదీ పడేలా. ఇలాంటివి బయటికి పొక్కాక తెల్లారేసరికి గోడ ఉండకపోవచ్చు.

పాతగోడ
తీశాను, 60 పైనే ఉన్నాయి. బావి మెట్లవి ఇంకా తీయాలి, ముళ్లకంప అడ్డంగా ఉంది.

అద్దెఇల్లు
నిష్ఠూరంగా ఉన్నా ఒక మాట చెప్తాను. పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్నాను, ఇప్పటికి ఆరు ఇళ్లు మారాను. ఎక్కడ కొత్త ఇళ్లు కడదామన్నా ఎవరో ఒకరు "చరిత్ర" అంటూ లేస్తారు. లేచేవాళ్లకి అప్పటికే సొంత ఇల్లు ఉంటుంది. ఆ గిడ్డంగి ఇన్నేళ్లూ అక్కడే కూలిపోతూ ఉంది కదా, అప్పుడు ఎవరికైనా గుర్తొచ్చిందా? ఇళ్లు కడతామనగానే ప్రేమ పుట్టుకొచ్చింది. ఆరు ప్లాట్లంటే ఆరు కుటుంబాలండీ.

పాతగోడ
మీ మాటలో న్యాయం ఉంది. ఇన్నేళ్లు పట్టించుకోకపోవడం మా తప్పే. నాకు సొంత ఇల్లు ఉన్నమాట కూడా నిజమే. అందుకే ఆపేయండి అని కాకుండా ఎలా సర్దుకోవచ్చో అడుగుతున్నాను.

ఇంజనీర్_బాబాయ్
ఇద్దరూ ఆగండి, ఇది కొట్లాడుకునేంత పెద్ద చిక్కు కాదు. 180లో ఆరు ప్లాట్లు. నా సర్వీసులో ఇరవై పైచిలుకు లేఅవుట్లు గీశాను. ప్లాన్ కాగితం మీద ఉండగా రోడ్డును పది మీటర్లు పక్కకి జరపడం ఒక పూట పని. అదే రోడ్డు లెవెల్స్ ఖాయమై, డ్రెయిన్లు తవ్వి, ప్లాట్లు అమ్మకానికి పెట్టాక జరపాలంటే కోర్టు మెట్లెక్కాల్సిందే.

అసలు లోపం వరసలో ఉంది. ముందు స్థలంలో ఏముందో కొలవాలి. చెట్లు, బావులు, కట్టడాలు, వాన నీళ్లు పారే దారి, అన్నీ. ఆ కొలత మ్యాప్ మీద రోడ్లు గీయాలి. ఆ తర్వాతే ప్లాట్లు. చాలాచోట్ల ఇన్ని ప్లాట్లు రావాలి అని ముందే ఒక అంకె అనుకుని, దానికి తగ్గట్టు గళ్లు గీసి, చివర్లో నేల మీద ఏముందో చూస్తారు. అప్పుడు గిడ్డంగి అడ్డంగానే కనిపిస్తుంది మరి.

పాతగోడ గారూ, మీ అభ్యంతరంలో మొదటి వాక్యం ఇదే పెట్టండి: "స్థలంలో ఉన్న కట్టడాలను చూపించే సర్వే మ్యాప్ ముసాయిదాకు జత చేయలేదు." దానికి వాళ్లు జవాబు చెప్పి తీరాలి.

మట్టిపెంకు
తవ్వకాల్లో పనిచేశాను కాబట్టి నేల కింద సంగతి నేను చెప్తాను.

జాబితాలో లేదంటే విలువ లేదని కాదు, ఇంకా ఎవరూ వెళ్లి చూడలేదని అంతే. గోడ అయితే కనిపిస్తుంది. నేల కింద ఉన్నది తవ్వేదాకా ఏ జాబితాలోనూ ఉండదు. గిడ్డంగి, బావి, బాట ఒకేచోట ఉన్నాయంటే వాటి చుట్టూ మనుషులు బతికినట్టే. కల్లం, పశువుల కొట్టం, పనివాళ్ల గుడిసెలు... వాటి ఆనవాళ్లు మీ కాళ్ల కిందే ఉండొచ్చు. వాన పడి వెలిశాక వెళ్లి నేల చూడండి. మట్టి కడుక్కుపోయి పెంకులు పైకి తేలతాయి. ఏరకండి, ఉన్నచోటే ఫొటో తీయండి. ఏరి ఇంటికి తెచ్చుకుంటే అది ఎక్కడిదో చెప్పే సాక్ష్యం పోయినట్టే.

పద్ధతి ప్రకారం అయితే ముందు పాత మ్యాపులు, భూమి రికార్డులు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూస్తారు. తర్వాత స్థలమంతా నడుస్తారు. అనుమానం ఉంటే నేలలోకి రాడార్ తరంగాలు పంపే యంత్రంతో గానీ, అయస్కాంత క్షేత్రంలో తేడాలు కొలిచే యంత్రంతో గానీ చూస్తారు. కాలిన ఇటుక, పొయ్యిలు, పూడ్చిన కందకాలు వాటికి బాగా దొరుకుతాయి. అప్పుడు అక్కడక్కడా సన్నటి పరీక్ష గుంతలు. స్థలమంతా తవ్విపోయరు.

లండన్‌లో 1989లో ఏమైందో చూడండి. ఒక ఆఫీసు భవనానికి పునాదులు తవ్వుతుంటే 1587 నాటి రోజ్ థియేటర్ అనే నాటకశాల అవశేషాలు బయటపడ్డాయి. పనులు మొదలయ్యాక దొరికింది కాబట్టి జనం రోడ్డెక్కారు, నటులు వచ్చి కూర్చున్నారు, బిల్డర్‌కి నష్టం, ప్రభుత్వానికి తలనొప్పి. చివరికి డిజైన్ మార్చి, అవశేషాలను కింద అలాగే ఉంచి పైన భవనం లేపారు. ఆ మరుసటి ఏడాదే, అంటే 1990లో, నేల కింద ఏముందో అనుమతి ఇవ్వకముందే తేల్చాలని ఇంగ్లండ్‌లో ప్రణాళికా మార్గదర్శకాలు వచ్చాయి. 1992లో మాల్టాలోని వాలెట్టాలో కుదిరిన యూరప్ ఒప్పందం, తవ్వకాల ఖర్చును కట్టేవాళ్ల ప్రాజెక్టు బడ్జెట్‌లోనే పెట్టాలంది. ముందే తెలిస్తే బిల్డర్‌కీ మేలే. సగంలో పని ఆగిపోవడం కంటే పెద్ద నష్టం ఆయనకి ఇంకేముంటుంది?

జేసీబీ_రాజు
ఇక్కడ ఎప్పుడూ చదవడమే, రాయను. ఇది చూసి రాయాలనిపించింది.

నేను మెషీన్ నడుపుతా. కొన్నేళ్ల కింద ఒక లేఅవుట్‌లో నేల చదును చేస్తుంటే బకెట్‌కి గట్టిగా ఏదో తగిలింది. రాయి తగిలితే బండి ఎగురుతుంది, ఇది ఎగరలేదు, మెత్తగా విరిగింది. దిగి చూశా. ఇటుకలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో నల్లటి బూడిద. పెద్ద ఇటుకలు, ఇప్పటి సైజు కాదు. సూపర్‌వైజర్‌ని పిలిచా. ఆయన చూసి, కాసేపు ఫోన్‌లో మాట్లాడి, "కానీయ్" అన్నాడు. కానిచ్చా. పది నిమిషాల పని.

ఆయన్ని తప్పు పట్టను. ఆపితే రోజు కూలీలు ఎవరిస్తారు, బండి అద్దె ఎవరిస్తారు? ఆపమని రాసిన కాగితం ఒక్కటుంటే ఆయనా ఆపేవాడు, నేనూ ఆపేవాణ్ణి. అదేంటో ఈ రోజుకీ తెలీదు.

మట్టిపెంకు
రాజు గారూ, ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. మీరు దిగి చూశారు, చాలామంది అదీ చేయరు. గుండ్రటి ఇటుక వరస, మధ్యలో బూడిద అంటే బట్టీనో కొలిమో అయ్యుండొచ్చు, చూడకుండా గట్టిగా చెప్పలేను.

మీరన్న కాగితమే అసలు సంగతి. పనులు జరుగుతున్నప్పుడు తెలిసినవాళ్లు ఒకరు దగ్గరుండి చూడాలని, ఏదైనా దొరికితే ఆ భాగంలో ఇన్ని రోజులు పని ఆపాలని, ఆ రోజులకు కూలీ, బండి అద్దె ఎవరు ఇవ్వాలో అనుమతి షరతుల్లోనే రాయాలి. ఇలా కాగితం మీద పెట్టకపోతే భారమంతా మెషీన్ మీద కూర్చున్నవాడి మీద పడుతుంది.

ఇంజనీర్_బాబాయ్
ఆగిన రోజుల కూలీ ఎవరిస్తారన్న పాయింట్ నేను ఏ షరతుల పత్రంలోనూ చూడలేదు. పాతగోడ గారూ, అది తప్పకుండా రాయండి.

రెండో_అంతస్తు
గిడ్డంగిని ఇటుక ఇటుకా విప్పి పార్కు మూలలో మళ్లీ కట్టొచ్చు కదా? ఈజిప్టులో అబూ సింబెల్ గుళ్లనే జరిపారు.

మట్టిపెంకు
జరిపారు. 1964 నుంచి 1968 దాకా పట్టింది, కొండను బ్లాకులుగా కోసి సుమారు 65 మీటర్లు ఎత్తుకు తీసుకెళ్లారు. నాగార్జునకొండలోనూ ముఖ్యమైన కట్టడాలను గుట్ట మీదికి మార్చి మళ్లీ పేర్చారు, ఇప్పుడు అది దీవి. అయితే రెండుచోట్లా నీళ్లు ముంచెత్తబోతున్నాయి, వేరే దారి లేదు. ఇక్కడ ముంచేది ఆరు ప్లాట్లే. 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా కట్టడాన్ని దాని చోటు నుంచి విడదీయొద్దనీ, కాపాడుకోవడానికి తప్పనిసరైనప్పుడో, చాలా పెద్ద జాతీయ, అంతర్జాతీయ ప్రయోజనం ఉన్నప్పుడో తప్ప జరపకూడదనీ అంటుంది.

చెట్టునీడ
గిడ్డంగిని విప్పుకుపోతారు సరే, బావిని ఎలా ఎత్తుకెళ్తారండీ :)

రెండో_అంతస్తు
హహ, నిజమే. ఒప్పుకున్నా.

సున్నం_చేతులు
పాత కట్టడాల రిపేరు పని నాది. కూల్చకుండా వదిలేశారనుకోండి, దాంతో అయిపోలేదు. పక్కన కట్టే ఇళ్ల వల్లే చచ్చిపోయిన గోడలు చాలా చూశాను.

మొదటిది అదురు. పైల్స్, అంటే పునాది కోసం నేలలోకి దించే స్తంభాలు, సుత్తితో కొట్టి దించితే నేల అదిరి పాత గోడ బీటలిస్తుంది. అదే బోరు వేసి పోసే పైల్స్ అయితే అదురు చాలా తక్కువ. రెండోది నీళ్లు. కొత్త రోడ్డును ఎప్పుడూ ఎత్తు చేస్తారు. చుట్టూ రెండడుగులు లేపితే వాన నీళ్లన్నీ పాత గోడ మొదట్లోకి చేరతాయి. సున్నపు గోడ తడి పీల్చి మళ్లీ వదిలేస్తుంది, దానికి ఊపిరి ఉంది. రోజూ తడిలో నానితే ఆ ఊపిరి ఆగిపోతుంది. మూడోది ఇంకా ఘోరం. బాగు చేస్తున్నామనుకుని సిమెంటు పూత పూస్తారు. సిమెంటు ఇటుక కంటే గట్టిది, తడిని బయటికి పోనివ్వదు. లోపల చెమ్మ చిక్కుకుని ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. చూడ్డానికి పైన నున్నగా ఉంటుంది, తడితే డొల్ల మోత.

పాతగోడ గారూ, ఇప్పుడే ఒక పని చేయండి. గోడలో బీటలుంటే, పల్చటి గాజు పలక చిన్న ముక్క తీసుకుని బీటకు అడ్డంగా రెండు చివరలా అతికించండి. పక్కన తేదీ రాయండి. గోడ ఏమాత్రం కదిలినా గాజు పగులుతుంది. పనులు మొదలవకముందు గోడ ఎలా ఉందో అదే సాక్ష్యం. లేకపోతే "అది ముందునుంచీ పగిలే ఉంది" అంటారు.

పాతగోడ
ఉత్తరం గోడలోనే ఒక బీట ఉంది, వేళ్ల గుర్తులున్న ఇటుకకి మూరెడు దూరంలో. రేపే పెడతాను.

అద్దెఇల్లు
మీరంతా గోడ ఊపిరి గురించి మాట్లాడుతున్నారు. మనుషుల ఊపిరి కూడా చూడండి. ఇంకో సంగతి కూడా అడుగుతాను. పాత కట్టడం బాగు చేసి, చుట్టూ లైట్లు పెట్టి, "హెరిటేజ్ వ్యూ" అని పేరు పెట్టి అక్కడి ఇళ్లు రెట్టింపుకి అమ్ముతారు. అప్పుడు మాలాంటివాళ్లం ఇంకా దూరం పోవాలి. దానికేమంటారు?

గీతలపలక
ఈ ప్రశ్న ఇక్కడ ఎవరో ఒకరు అడగాల్సిందే, అడిగినందుకు సంతోషం.

ఇటలీలో బొలోన్యా నగరం దీనికి ఒక జవాబు చూపించింది. 1970ల్లో పాత నగరంలోని శిథిలమైన ఇళ్లను కూల్చకుండా ప్రజా గృహనిర్మాణ డబ్బుతోనే బాగు చేయించారు. అందులో ఉండే కూలి కుటుంబాలు, అద్దెవాళ్లు అక్కడే ఉండేలా చూడటం ఆ ప్లాన్ లక్ష్యాల్లో ఒకటి. ఇళ్లతో పాటు ఇంట్లోవాళ్లనీ కాపాడాలన్నది ఆలోచన. అన్నీ అనుకున్నట్టే జరిగాయనను కానీ, వారసత్వమూ పేదవాడి ఇల్లూ ఒకే బడ్జెట్ పద్దులో ఇముడుతాయని అక్కడ తేలింది.

కాబట్టి అభ్యంతరంలో ఇది కూడా అడగాలి: ఇళ్ల సంఖ్య తగ్గకూడదు, అందుబాటు ధర ఇళ్ల వాటా అస్సలు తగ్గకూడదు. ఆరు ప్లాట్లు పోతే ఆ ఆరు ఇళ్లు గిడ్డంగికి దూరంగా ఉన్న అంచున రెండంతస్తులకు బదులు మూడంతస్తులు చేస్తే తిరిగి వస్తాయి.

అద్దెఇల్లు
సంఖ్య తగ్గకూడదు అని మీరే రాస్తానంటే నేనూ సంతకం పెడతాను. అది లేకపోతే పెట్టను.

పాతగోడ
రాస్తాను. మొదటి పేజీలోనే రాస్తాను.

వెనకటికాలం
నాకిదంతా నచ్చలేదు. సర్దుకుందాం, జరుపుకుందాం అంటూ చివరికి గిడ్డంగి చుట్టూ కార్లు పెట్టుకుంటారు. ఆ జాగాలో ఒక్క ఇల్లు కూడా కట్టకూడదు, అంతే. పాతవాటిని అలా ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలి.

సున్నం_చేతులు
ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తేనే కదండీ ఇప్పుడు సగం కప్పు లేదు. మనిషి మసలని ఇల్లు తొందరగా కూలుతుంది. ఒక పెంకు జారితే చూసేవాడు ఉండడు, దూలం తడుస్తుంది, రెండు వానాకాలాలకి దూలం పోతుంది, దాంతో గోడ. తాళం వేసి కాపాడిన కట్టడం నేనైతే చూడలేదు. వాడుకలో ఉంటేనే బతుకుతుంది.

కొత్తకాపురం
సున్నం_చేతులు గారి మాటకి నేనే ఉదాహరణ. మేం ఉండేది ఒకప్పటి మిల్లులో. గోడలు మూరెడు మందం, కిటికీలు ఎత్తు. లోపల వేడి తక్కువ, చప్పుడు తక్కువ. ఒకటే బాధ, గోడకి మేకు దిగదు, ఫోన్ సిగ్నల్ రాదు. మా అత్తగారు ఫోన్ చేస్తే మెట్ల దగ్గరికి పరుగెత్తాలి. మా పిల్లలు మాత్రం ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ యంత్రాలు బిగించిన బోల్టుల గుంతలు చూపించి కథ చెప్తారు.

వియన్నాలో పెద్ద ఎత్తున ఇదే చేశారు. 1896-99 మధ్య కట్టిన నాలుగు గ్యాస్ ట్యాంకుల ఇటుక గోడల లోపల 2001 నాటికి సుమారు 600 ఫ్లాట్లు కట్టారు. ఇళ్లు కావాలా, పాతవి కావాలా అంటే రెండూ ఒకే గోడ లోపల ఉన్నాయి. గిడ్డంగిలోనే ఇళ్లు కట్టొచ్చేమో కూడా చూడమనండి.

ఇంజనీర్_బాబాయ్
పైకప్పు సగం పోయిందన్నారు కాబట్టి లోపల స్వతంత్రంగా నిలబడే ఫ్రేమ్ వేసి, పాత గోడ మీద బరువు పడకుండా కట్టొచ్చు. అయితే గోడ పునాది ఎంత లోతుందో చూడకుండా ఏదీ చెప్పకూడదు.

వాన_ముచ్చట
చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు. 100 మీటర్ల లోపల కట్టకూడదు అంటారు కదా?

చట్టం_చదువరి
అది అన్నిటికీ వర్తించదు. భారతదేశంలో 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలోనూ ఉన్న ఇంటికి రిపేర్లు అనుమతితో చేసుకోవచ్చు. జాబితాలో లేని గిడ్డంగికి ఈ రక్షణ రాదు. చాలాచోట్ల ఇదే లోటు. పెద్ద కోటకు చట్టం ఉంటుంది, చిన్న గిడ్డంగికి ఉండదు. చిన్నవాటిని కాపాడేది స్థానిక ప్లాన్, అందులోని నిబంధనలే. ముంబైలో 1995లో నగర నిబంధనల్లోనే వారసత్వ కట్టడాలను గ్రేడులుగా చేర్చారు.

యజమానికి నష్టం కదా అంటే దానికీ దారి ఉంది. న్యూయార్క్‌లో పెన్ రైల్వే స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టాక జనం గగ్గోలు పెట్టారు, 1965లో కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కడతామని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయారు. అక్కడ కట్టుకోలేని అంతస్తుల హక్కును దగ్గర్లోని వేరే స్థలాలకు మార్చుకునే వీలు ఉందన్న సంగతిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. మనవాళ్లు టీడీఆర్ అనేది ఇదే. ఆరు ప్లాట్ల గురించి బిల్డర్ గొడవ పెడితే ఈ మాట ఎత్తండి.

మట్టిపెంకు
ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో వుడ్ క్వే అనేచోట వైకింగ్‌ల కాలపు వీధులు, చెక్క ఇళ్లు బయటపడ్డాయి. 1978లో 20,000 మంది దాకా ఊరేగింపు తీశారు. అయినా అక్కడే నగరపాలక ఆఫీసులు కట్టారు, ఎందుకంటే అప్పటికే స్థలం, డిజైన్ అన్నీ ఖాయమైపోయాయి. దాదాపు అదే కాలంలో ఇంగ్లండ్‌లో యార్క్‌లోని కాపర్‌గేట్‌లో షాపింగ్ సెంటర్ కట్టకముందే 1976 నుంచి 1981 దాకా తవ్వారు. సుమారు 40,000 వస్తువులు దొరికాయి. షాపింగ్ సెంటర్ కట్టుకున్నారు, దాని కిందే 1984లో వైకింగ్ మ్యూజియం తెరిచారు. రెండుచోట్లా నేల కింద ఉన్నది ఒకే రకం. తేడా ఎప్పుడు చూశారన్న దాంట్లో ఉంది.

మీకు 30 రోజుల గడువులో ఇంకా రోజులున్నాయి. అవి చాలా విలువైనవి.

గీతలపలక
ఇంకొకటి చెప్పి ఆపుతాను. కట్టడాన్ని ఒక్కదాన్నే కంచె వేసి ఉంచితే చాలదు. గిడ్డంగి నుంచి బావికి చూపు ఆనాలి, బాట తెగకూడదు. మూడూ కలిస్తేనే అక్కడ ధాన్యం దింపి, ఎద్దులకు నీళ్లు పెట్టిన కథ అర్థమవుతుంది. మధ్యలో గోడ లేపితే మూడు వేరువేరు రాళ్ల కుప్పలే. చుట్టూ ఉన్న పరిసరం కూడా కట్టడం విలువలో భాగమని 2005లో చైనాలోని షియాన్‌లో చేసిన ప్రకటన సారాంశం. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఎల్బే లోయకి అడ్డంగా నాలుగు వరసల వంతెన కడుతున్నారని 2009లో దాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేశారు. 2021లో లివర్‌పూల్‌ని కూడా, నదీతీరంలో కొత్త కట్టడాల వల్లే.

అలాగని కొత్త ఇళ్లకి పాత తోరణాలు, పాత స్తంభాలు అతికించమని మాత్రం అడగకండి. అది నాకు అస్సలు గిట్టదు. ఇరవై ఏళ్లు పోతే ఏది నిజంగా పాతదో ఏది నకలో ఎవరికీ తెలియకుండా పోతుంది. కొత్తవి కొత్తగానే ఉండనీ, ఎత్తులో, రంగులో పాతదాన్ని మింగేయకుండా ఉంటే చాలు.

వెనకటికాలం
బాట తెగకూడదు, చూపు ఆనాలి అని రాస్తే నాకూ అభ్యంతరం లేదు. పార్కింగ్ మాత్రం బావి దగ్గర వద్దు.

పాతగోడ
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను, అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయి.

అభ్యంతరం నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో ఇళ్ల సంఖ్య తగ్గకూడదన్నది, సర్వే మ్యాప్ లేదన్నది. రెండో పేజీలో తవ్వకానికి ముందు పరీక్ష గుంతలు, పని ఆగిన రోజుల కూలీ, బండి అద్దె సంగతి, రాజు గారి మాటలే దాదాపు అలాగే రాశాను. పైల్స్, రోడ్డు ఎత్తు, వాన నీళ్లు, చూపు, బాట అన్నీ పెట్టాను. 212 మంది సంతకాలు చేశారు. అందులో ఇంటి కోసం పేరు నమోదు చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లింటికి వెళ్లి సంఖ్య తగ్గదని చెప్పి, పేజీ చూపించి అడిగాను.

మొన్న లేఅవుట్ వేసినవాళ్ల ఇంజనీరు, డిజైన్ చేసినావిడ ఇద్దరూ స్థలానికి వచ్చారు. ఆవిడ ఇంతకు ముందు ఎప్పుడూ అక్కడికి రాలేదట, డ్రాయింగ్ మాత్రమే చూశారట. ముళ్లకంప కొట్టించి బావిలోకి దిగాం. పదిహేడు మెట్లు దిగాక నీళ్లు. వాటి మీద ఆకులు పక్కకి తోస్తే అడుగున ఇంకా మెట్లు కనిపించాయి. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుని డ్రాయింగ్ విప్పి పెన్సిల్‌తో రోడ్డు జరిపి గీశారు. పైకి వచ్చాక వేళ్ల గుర్తుల ఇటుక చూపించాను. ఆవిడ తన చెయ్యి పెట్టి చూశారు. ఆవిడకీ పట్టలేదు.

ఇంకా ఏదీ ఖాయం కాలేదు. పరీక్ష గుంతలకి ఒప్పుకున్నారు, పార్కింగ్ తూర్పు అంచుకి మారుస్తామన్నారు. గిడ్డంగిని దేనికి వాడాలన్నది తేలలేదు. కమిటీ మీటింగ్ వచ్చే నెల.

అద్దెఇల్లు
సంఖ్య?

పాతగోడ
180. తూర్పు అంచున మూడో అంతస్తు. మినిట్స్‌లో రాయించాను.

అద్దెఇల్లు
మీటింగ్ తేదీ ఇక్కడ పెట్టండి. నేనూ వస్తాను.

జేసీబీ_రాజు
గుంతలు తవ్వేటప్పుడు పళ్లు లేని బకెట్ పెట్టమనండి. పళ్లున్నది అయితే అన్నీ లాగేస్తుంది. చిన్న విషయమే కానీ ఎవరూ చెప్పరు.

మట్టిపెంకు
ఇది నేను చెప్పడం మర్చిపోయాను. రాజు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, తప్పకుండా రాయించండి.

పాతగోడ
రాసుకున్నాను. సున్నం_చేతులు గారూ, గాజు ముక్క పెట్టాను కానీ మామూలు జిగురుతో రెండు రోజులకే ఒక చివర ఊడిపోయింది. గోడ కదిలి కాదు, గాజు పగల్లేదు. దేంతో అతికించాలి?

సున్నం_చేతులు
గోడ మీద దుమ్ము, పాత సున్నం పొర గీకేసి, గట్టి ఇటుక తగిలాక అతికించాలి. జిప్సం ప్లాస్టర్ ముద్ద రూపాయి బిళ్లంత చాలు, రెండు చివరలా. ఆరేదాకా చేత్తో పట్టుకోండి. తేదీ గోడ మీద కాదు, గాజు మీద రాయండి.